అత్తయ్యగారు అనని మాట

రాజమహేంద్రవరం
18 జూన్ 2023

తబితా,

నీ చెవి మిషను మళ్లీ మొరాయించిందని మీ అమ్మాయి మెసేజ్ పెట్టింది. ఫోన్‌లో నేను అరవడం, నువ్వు "ఏంటండీ, ఏంటండీ" అనడం ఇద్దరికీ విసుగే. పాతరోజుల్లోలాగా ఉత్తరాలే రాసుకుందాం. ముప్పై నాలుగేళ్లు నల్లబల్ల మీద అరిగిన చేతిరాత నాది, నీ కళ్లకి కష్టం ఉండదు.

ఒక సంగతిలో నీ సలహా కావాలి.

మేడమీద వాటా మార్చి నుంచి ఖాళీగా ఉంది. ఉదయ్‌భాస్కర్ విశాఖపట్నం నుంచి రోజూ ఫోన్ చేసి "మంచి ఫ్యామిలీని చూసి పెట్టమ్మా" అంటాడు. మంచి ఫ్యామిలీలకి లిఫ్టు కావాలి, కారు పెట్టుకునే చోటు కావాలి. మన దగ్గర రెండూ లేవు. మంగళవారంనాడు కాలేజీ గుమస్తా సత్తియ్య ఒక అమ్మాయిని తీసుకొచ్చాడు. ఆఫ్రికాలో మలావీ అని దేశం ఉందట. మ్యాపులో వెతికి చూశాను, పొడుగ్గా, ఒక పెద్ద సరస్సు పక్కన ఉంది. ఆ అమ్మాయి పేరు చిసోమో. ఇక్కడే ఒక ప్రైవేటు కాలేజీలో అగ్రికల్చర్ బియస్సీ రెండో సంవత్సరం. ముందున్న ఇంట్లో ఇరుగుపొరుగు గొడవ పెడితే ఓనరు ఖాళీ చేయించాడట. పద్నాలుగు ఇళ్లు చూశాను అంది. "మీది పదిహేను అండి" అంది. ప్రతి మాట చివరా ‘అండి’ తగిలిస్తుంది. గుడ్ మార్నింగండి, రూమ్ నైసండి.

గది చూపించడానికి మేడమీదకి తీసుకెళ్తే, ఆ పిల్ల గది చూడలేదు. నా వంకాయ మొక్క దగ్గర ఆగింది. ఆకు తిరగేసి, కింద పాకుతున్న సన్నటి పురుగుని చూపించి, వేపనూనె కొట్టమని చెప్పింది. నెలరోజులుగా నేను పైనుంచి నీళ్లు పోసి ఊరుకుంటున్నాను.

వారంలో చెప్తానని పంపేశాను. సాయంత్రానికే మా వీధి సంఘం సెక్రటరీ వెంకటరాజుగారు వచ్చారు. "చదువుకున్నవారు, మీకు నేను చెప్పాలాండి? అలాంటివాళ్లని పెడితే వీధి పేరు పోతుంది" అన్నారు. ఆయన అన్నారంటే సరే. ఎదురింటి పావని, డిగ్రీ కాలేజీలో లెక్చరరు, ఆదివారం ఆదివారం చర్చికి వెళ్లే మనిషి, ఆవిడ కూడా, "ఆంటీ, నాకు ఆడపిల్లలున్నారు, కాస్త ఆలోచించండి" అంది.

మీ అమ్మాయి ఫోన్‌కి చిసోమో ఫోటో పంపాను. చూసి చెప్పు. నువ్వైతే ఏం చేస్తావు?

హైమవతి

తణుకు
27 జూన్ 2023

హైమవతిగారికి తబిత వందనాలు.

ఉత్తరం అందింది. ఫోటో చూశాను. మీరడిగారు కాబట్టి చెప్తున్నాను. ఇవ్వకండి.

ఇవాళ లేదంటే ఆ పిల్ల పదహారో ఇంటికి వెళ్తుంది. లేదనిపించుకోవడం ఎలాగో దానికి ఈపాటికి వచ్చేసే ఉంటుంది. కానీ ఇల్లిచ్చి, అది మంచం సర్దుకుని, గోడకి మేకు కొట్టి బట్టలు తగిలించుకుని, సందులో కుక్క కూడా గుర్తుపట్టడం మొదలెట్టాక, అప్పుడు వెళ్లమంటే అది వేరండి. లేదనిపించుకోవడం అలవాటవుతుంది. వెళ్లమనిపించుకోవడం అలవాటు కాదు.

మీ గురించి కాదు, వీధి గురించి అంటున్నాను. వీధిని ఎదిరించి ఒక్కరే నిలబడాలంటే కష్టం.

నా ఆరోగ్యం బాగానే ఉంది. మోకాలు మాట వినట్లేదు, చెవి అసలు వినట్లేదు. ఫ్యాక్టరీ లారీల గోల ఒక్కటీ వినపడకుండా పోయినందుకు సంతోషంగానే ఉంది. మనవరాలు ఇంటర్ రెండో సంవత్సరంలోకి వచ్చింది.

ఉంటాను.
తబిత

రాజమహేంద్రవరం
9 జూలై 2023

తబితా,

నీ ఉత్తరం వచ్చేసరికే నేను తాళంచెవి ఇచ్చేశాను. మూడు రోజులు ఆగి ఉంటే నీ మాట వినేదాన్నేమో. లేదు, వినేదాన్ని కాదు. నువ్వు అంత కటువుగా రాస్తావనుకోలేదు. సరే, నీ అభిప్రాయం నీది.

చిసోమో రెండు సూట్‌కేసులు, ఒక కుక్కరు, ఒక పెద్ద సంచీడు మొక్కజొన్న పిండితో వచ్చింది. ఆ పిండి ఉడకబెట్టి ముద్దలాగా చేసుకుని, ఆకుకూరతో తింటుంది. మొదటిరోజు నాకూ కాస్త తెచ్చింది. మా చిన్నప్పుడు ముసలమ్మలు తినే సంకటి లాగే ఉంది, ఉప్పు మాత్రం లేదు. నేను గోంగూర పచ్చడి వేసుకుని తిన్నాను. అది చూసి తనూ వేసుకుంది. కళ్లలో నీళ్లు తిరిగినా గిన్నె మాత్రం వదల్లేదు.

తెల్లవారి అయిదింటికి లేచి కాలేజీ పొలానికి పోతుంది. మొన్న నారుమడి తొక్కుతూ అడుసులో మోకాలిదాకా దిగబడిపోయిందట. కూలీలు చెయ్యిచ్చి లాగి నవ్వితే తనూ నవ్విందట. సాయంత్రం మెట్ల మీద కూర్చుని అదంతా సగం ఇంగ్లీషులో, సగం చేతులతో చెప్పింది. వాళ్ల నాన్న లేడు. అమ్మ స్కూల్లో వంట చేస్తుంది. వాళ్ల ఊళ్లో వానమీదే అంతా ఆధారం. "ఇక్కడ కాలవలు చూస్తే నాకు కోపం వస్తుందండి" అంది. ఎందుకమ్మా అంటే, "మా దగ్గర అంత పెద్ద లేక్ ఉంది, కాలవ లేదు" అంది. ఇరవై ఒక్క ఏళ్ల పిల్ల, నీళ్లు ఎలా మళ్లించాలా అని కోపం తెచ్చుకుంటోంది. నాకు ఆ వయసులో దేనిమీద కోపం వచ్చిందో ఎంత ఆలోచించినా గుర్తు రావట్లేదు.

వెంకటరాజుగారు నమస్కారం మానేశారు. పావని పలకరిస్తుంది గానీ పిల్లల్ని మా గేటు దాటేటప్పుడు చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది. పెద్దపిల్ల తొమ్మిదో తరగతి.

హైమవతి

తణుకు
6 ఆగస్టు 2023

హైమవతిగారికి వందనాలు.

ఇచ్చేశారు కాబట్టి ఇంక నా మాట అక్కడితో వదిలెయ్యండి. కటువుగా అనిపిస్తే క్షమించండి.

గోదారి పెరిగిందని టీవీలో చూపించారు. మీ వైపు భయం లేదుగా.

మీ చిసోమో పద్నాలుగు ఇళ్లు తిరిగిందంటే, నేను ఆసుపత్రి ఉద్యోగానికి కొత్తగా వచ్చినప్పుడు తిరిగిన ఇళ్లు గుర్తొచ్చాయి. నావి తొమ్మిదో, పదో. అప్పట్లో నేరుగా మతం అడిగేవారు కాదు. ముందు పేరు అడిగేవారు. తర్వాత ఊరు. తర్వాత ఊళ్లో ఏ పేట. పేట చెప్పగానే, "అయ్యో, నిన్ననే ఎవరికో మాటిచ్చామమ్మా" అనేవారు. మంచినీళ్లు ఇచ్చేవాళ్లు కొందరు, గ్లాసు ఇవ్వకుండా చేతుల్లో పోసేవాళ్లు. అరుగుమీద కూర్చోమనేవాళ్లు కూడా ఉన్నారు, నేను లేచాక కడిగేవాళ్లు.

ఇప్పుడు మా అల్లుడు ఆఫీసులో ఒక ముస్లిం కుర్రాడు ఇల్లు వెతుక్కుంటుంటే, ఫోన్‌లోనే పేరు విని ఖాళీ లేదంటున్నారట. అరుగు కడిగే శ్రమ కూడా లేదు. అప్పుడు ఎవరికి వాళ్లు ఇంట్లో చేసేవారు, ఇప్పుడు వాట్సాప్ గ్రూపు పెట్టుకుని కలిసి చేస్తున్నారు. తగ్గినవి కూడా ఉన్నాయి. మా వీధిలో నా గ్లాసు వేరుగా ఉంచే ఇల్లు ఒక్కటీ లేదు. నా చేతి ఇంజెక్షను కోసం అందరూ మా గుమ్మంలోకే వస్తారు. పావనిగారు మీ వీధిలో ఇల్లు కొనుక్కుని ఉంటున్నారంటే అదీ చిన్న సంగతి కాదు. కానీ లోపలికి రానిచ్చినవాళ్లు ఆ తలుపు తమ వెనకాలే వేసేస్తున్నారు, అదే నాకు బాధ.

ఆ పిల్లకి జ్వరం అదీ వస్తే వెంటనే నాకు రాయండి. వాళ్ల ఒంటికి ఇక్కడి నీళ్లు పడటానికి టైము పడుతుంది.

తబిత

రాజమహేంద్రవరం
8 అక్టోబర్ 2023

తబితగారికి,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

ముందు ఇక్కడ ఏం జరిగిందో చెప్తాను. పోయిన నెలలో వీధి వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక వీడియో పెట్టారు. ఎక్కడో ఢిల్లీలో ఆఫ్రికావాళ్లు మత్తుమందులతో దొరికారట. కింద వెంకటరాజుగారు, "మన వీధిలో కూడా జాగ్రత్తగా ఉండాలి" అని రాశారు. అంతే. మర్నాడు పనమ్మాయి రామలక్ష్మి, మిగతా ఇళ్లవాళ్లు ఊరుకోవట్లేదని పని మానేసింది. చిసోమో కిందకి దిగి, "నేను బట్టలు ఉతుకుతానండి" అంది. వద్దన్నాను. తర్వాత ఒకరోజు తను పొలం నుంచి వస్తుంటే ముగ్గురు ఆడవాళ్లు ఆపి సంచీ విప్పి చూపించమన్నారు. సంచీలో వరి దుబ్బులు ఉన్నాయి, లాబ్ కోసం. వేర్లతో సహా రోడ్డు మీద పరిచి చూపించిందట.

ఆ సాయంత్రం తను నా దగ్గరకి వచ్చి, "నేను వెళ్లిపోతానండి. మీకు ట్రబుల్ వద్దు" అంది. ఏడవలేదు. సగం సర్దిన సూట్‌కేసు అప్పటికే మెట్ల కిందకి తెచ్చేసింది.

ఇప్పుడు మీకు చెప్పాల్సింది చెప్తాను. ఆ మాట వినగానే నాకు ఒక్క క్షణం హాయిగా అనిపించింది. పొమ్మని నేను అనక్కర్లేదు, అదే పోతానంటోంది. ఇంక ఎవరి ముందూ నేను చెడ్డదాన్ని కాను. ఆ హాయి నాకు కొత్త కాదు. నలభై ఏళ్ల కిందట ఒకసారి సరిగ్గా అలాగే అనిపించింది.

1983లో మా పెరటి గదిలో మీరు ఏడు నెలలు ఉన్నారు. బడికి టీకాలు వెయ్యడానికి వచ్చిన నర్సు ఇల్లు వెతుక్కుంటోందని నేనే తీసుకొచ్చాను. మా అత్తయ్యగారు సీతారావమ్మగారు మడి మనిషి. మీ పేరు, ఊరు ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. ఏడో నెలలో మా ఆడపడుచుని చూసుకోవడానికి అమలాపురం నుంచి పెళ్లివారు వస్తామని కబురు పెట్టారు. పక్కింటావిడ నన్ను సందులోకి పిలిచి, "మీ పెరట్లో ఎవరుంటున్నారో వాళ్లకి తెలిస్తే ఏమవుతుంది?" అంది. ఆ మధ్యాహ్నమే నేను మీ గదికి వచ్చి, "అత్తయ్యగారికి తెలిసిపోయింది, ఖాళీ చెయ్యమంటున్నారు" అన్నాను. మీరు, "మీరేం చేస్తారండీ, పెద్దావిడ" అన్నారు. మర్నాడు పొద్దున్నే ట్రంకుపెట్టె రిక్షాలో వేసుకుని వెళ్లిపోయారు.

అత్తయ్యగారు ఆ మాట అనలేదు. ఆవిడకి నేను అసలేం చెప్పలేదు. నర్సుకి ఆసుపత్రి క్వార్టరు వచ్చిందని చెప్పాను. మిమ్మల్ని పంపించింది నేను. పేరు ఆవిడది పెట్టాను.

ఇరవై ఏళ్ల కిందట ఆవిడ పోయినప్పుడు మీరు ఉత్తరం రాశారు, గుర్తుందా? ఆవిడ చాలా పెద్ద మనసున్న మనిషి అని. ఇంటినుంచి పంపేసిన మనిషి గురించి ఇలా రాసిందేంటి, ఎంత మంచిదీ తబిత అనుకున్నాను. అప్పుడైనా చెప్పలేదు.

చిసోమోని వెళ్లొద్దన్నాను. సూట్‌కేసు తీసి పైకి పట్టుకెళ్లబోతే నా నడుం పట్టేసింది, ఆ పిల్లే నన్ను పట్టుకుని మెట్లెక్కించింది. నవంబరులో సంఘం మీటింగు ఉంది. విదేశీయులకి ఇళ్లు ఇవ్వకూడదని తీర్మానం చేస్తారట. ఏం మాట్లాడాలో తెలియట్లేదు. అంతకన్నా ముందు మీకు రాయాలనిపించింది.

మీరు జవాబు రాయకపోయినా అర్థం చేసుకుంటాను.

హైమవతి

తణుకు
17 అక్టోబర్ 2023

హైమవతిగారికి వందనాలు.

ముందు ఆ ‘మీరు’ తీసెయ్యండి. ఎవరికో రాసిన ఉత్తరం పొరపాటున నాకు వచ్చిందనుకున్నాను. నలభై ఏళ్లుగా నువ్వు అంటున్నారు, ఇప్పుడు గారు అంటే పంపేసినట్టే ఉంటుంది.

నాకు తెలుసండి.

నేను ఖాళీ చేసిన వారానికి మీ అత్తగారు ఆసుపత్రికి వచ్చారు. నేను ఆడవాళ్ల వార్డులో ఉన్నాను. తడిబట్టల మనిషి, ఆ వాసనల్లో, ఒక అత్తం అరటిపళ్లు కొంగుకింద పెట్టుకుని నన్ను వెతుక్కుంటూ వచ్చారు. "క్వార్టరు ఎలా ఉందే అమ్మాయ్, నీళ్లు వస్తున్నాయా?" అని అడిగారు. నాకు ఒళ్లు మండింది. "ఏ క్వార్టరండీ? మీరేగా ఖాళీ చెయ్యమన్నారట" అన్నాను.

ఆవిడ మొహం చూస్తే నాకు అర్థమైంది. తర్వాత, "అవునే, నేనే అన్నాను. తప్పు నాదే" అన్నారు. అరటిపళ్లు బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. వెళ్తూ, అప్పుడు నేను ఎక్కడ ఉంటున్నానో మాత్రం వార్డుబాయ్‌ని అడిగి తెలుసుకున్నారు. పది రోజుల్లో ఆసుపత్రి వెనక ఒక రిటైర్డు మాస్టారింట్లో నాకు గది దొరికింది. ఎవరు చెప్పారో ఆ మాస్టారు ఎప్పుడూ చెప్పలేదు.

తర్వాత రెండేళ్లకి మీరు ఉదయ్‌భాస్కర్‌ని కనడానికి మా ఆసుపత్రికే వచ్చారు. మీరు నొప్పులతో లోపల ఉన్నారు. ఆవిడ వరండాలో బల్లమీద కూర్చున్నారు. నేను బయటికి వచ్చినప్పుడు దగ్గరకి పిలిచి చెప్పారు. ఆవిడ మాటలు నాకు ఇప్పటికీ అలాగే గుర్తున్నాయి.

"నువ్వు ఎవరో నాకు మొదటి ఆదివారమే తెలుసే. పుస్తకం తువ్వాల్లో చుట్టుకుని వెళ్తుంటే చూశాను. దాని దేవుడు దానికి ఉన్నాడు, నా దేవుడు నాకు ఉన్నాడు, మధ్యలో నాకేంటి అనుకున్నాను. మా కోడలు భయపడింది. భయపడి నన్ను అడ్డం పెట్టుకుంది. పెట్టుకోనీ. నా మీద పడితే నాకేం పోతుంది? అది రేపు బడిలో నలభైమంది పిల్లల ముందు నిలబడాల్సిన మనిషి, తల దించుకుని ఏం చెప్తుంది? నీకు తెలుసని దానికి చెప్పకు. ఎప్పుడో ఒకప్పుడు అదే చెప్తుంది. అప్పుడు మాత్రం, నేను కోపంగా లేనని చెప్పు."

అందుకే చెప్పలేదండి. నేను మాటిచ్చాను. మీరు చెప్పకపోతే నాతోనే పోయేది.

ఇంకోటి. ఆ రోజు ఆవిడ నన్ను మంచినీళ్లు అడిగారు. మీ ఇంట్లో ఉన్న ఏడు నెలల్లో నా గది గుమ్మం దాటని మనిషి. "నీ చేతి నీళ్లు నేను తాగలేను, అది నా అలవాటు, నువ్వు చిన్నబుచ్చుకోకు" అని ఒకసారి మొహం మీదే చెప్పిన మనిషి. నేను గ్లాసు పట్టుకుని తటపటాయిస్తుంటే, "మడి ఇంట్లో వదిలేసి వచ్చాను, ఇది ఆసుపత్రి" అని తీసుకుని తాగేశారు. అదేదో పెద్ద పని చేసినట్టు ఆవిడ మొహంలో ఏమీ లేదు. చదువుకోని మనిషి, యాభై దాటాక, ఎవరూ చూడని వరండాలో అంత దూరం నడిచారు. నేను చూసిన పెద్దమనుషుల్లో ఆవిడే పెద్దది.

నాకు మీ మీద కోపం లేదా అంటే, ఉండేది. మీరు లోపల నా చెయ్యి పట్టుకుని అరుస్తుంటే, ఈ చెయ్యి వదిలేస్తే ఎలా ఉంటుందా అని ఒక్క నిమిషం అనుకున్నాను. వదల్లేదు. తర్వాత పిల్లాడు పుట్టాడు, పనిలో పడిపోయాను. కోపం ఎప్పుడు పోయిందో తెలియదు. కానీ జూన్‌లో మీరు మేడమీద వాటా సంగతి రాస్తే, పోలేదని తెలిసింది. అందుకే అలా రాశాను.

మీటింగులో ఏం మాట్లాడాలో తెలియట్లేదన్నారు. నాకు రాసింది చాలదా?

తబిత

రాజమహేంద్రవరం
28 నవంబర్ 2023

తబితా,

నీ ఉత్తరం అందిన రోజు నేను అన్నం తినలేదు. అత్తయ్యగారి ఫోటో ముందు కూర్చున్నాను. ఆవిడతో ఇరవై ఏళ్లు ఒకే వంటింట్లో తిరిగాను. కూరలో ఉప్పు తక్కువైతే నాలుగు మాటలు అనేవారు. ఈ ఒక్క మాట మాత్రం అనలేదు. నేను ఆవిడని చాదస్తపు మనిషి అని స్టాఫ్‌రూమ్‌లో నవ్వుతూ చెప్పుకునేదాన్ని.

పందొమ్మిదో తారీకు ఆదివారం మీటింగు జరిగింది. వెంకటరాజుగారింటి సెల్లార్లో కుర్చీలు వేశారు. ఇరవై రెండు మంది వచ్చారు. ఆయన తీర్మానం చదివారు. "ఇది ఎవరి మీదా ద్వేషం కాదండి, మన ఆడపిల్లల సేఫ్టీ కోసం" అన్నారు. కాయితం చేతులు మారడం మొదలైంది. నేను లేచాను.

చెప్పాలనుకున్న మాటలు మర్చిపోయాను. ముప్పై నాలుగేళ్లు పాఠం చెప్పినదాన్ని, నాకే ఆశ్చర్యం. చిసోమో చాలా మంచి పిల్ల అని, అయిదింటికి లేస్తుందని, ఏవో చెప్పాను. ఎవరూ వినట్లేదు, ఫోన్లు చూసుకుంటున్నారు. అప్పుడు నీ సంగతి చెప్పాను. పేరు చెప్పకుండా, ఒక నర్సు అని. నేను ఏం చేశానో, ఎవరి పేరు అడ్డం పెట్టుకున్నానో, ఆవిడ ఏం చేశారో అంతా చెప్పాను. "అప్పుడు పెళ్లివారు అన్నాం. ఇప్పుడు సేఫ్టీ అంటున్నాం. భయం మనది, పేరు ఇంకోటి పెడుతున్నాం. నేను ఒకసారి పెట్టాను, నలభై ఏళ్లు మోశాను. మీరు పెట్టకండి" అన్నాను.

వెంకటరాజుగారు, "మీరు సెంటిమెంటు మాట్లాడుతున్నారండి, ఇది ప్రాక్టికల్ విషయం" అన్నారు.

కాయితం అప్పటికి పావని చేతికి వచ్చింది. పెన్ను తెరిచి పట్టుకుంది. సంతకం పెట్టకుండా తలెత్తి, "మేం ఇల్లు కొన్నప్పుడు కూడా ఇలాంటి కాయితం ఒకటి తిరిగిందట కదండీ?" అని అడిగింది.

ఆయన, "అప్పటి సంగతి వేరమ్మా, ఇప్పుడు మీరు మా మనుషులు" అన్నారు.

"ఎవరెవరు పెట్టారండీ సంతకం?"

నేను చెప్పాను. "మార్కండేయులుగారు పెట్టారు పావనీ. మా ఆయన. నేను పక్కనే ఉన్నాను, కళ్లజోడు వెతికి ఇచ్చింది నేనే."

పావని నావైపు చూసింది. ఆ చూపు బాగాలేదు తబితా, బాగుండాల్సిన పనీ లేదు. తర్వాత పెన్ను మూత పెట్టి, కాయితం పక్కవాళ్లకి ఇచ్చేసి వెళ్లిపోయింది. ఆవిడ వెనక ఇంకొందరు లేచారు. చివరికి సంతకాలు ఎనిమిదే పడ్డాయి. తీర్మానం అయిందనీ అనలేదు, లేదనీ అనలేదు. టీ ఇచ్చారు, తాగి వచ్చేశాం.

మర్నాడు పావని నన్ను పలకరించలేదు. మూడో రోజు తనంతట తనే మేడమీదకి వెళ్లి, పెద్దపిల్లకి బయాలజీలో ఏదో అర్థం కాలేదని చిసోమోని అడిగింది. నాతో ఇంకా ముభావంగానే ఉంది. ఉండనీ. రామలక్ష్మి తిరిగి పనిలోకి వచ్చింది. వెంకటరాజుగారు గ్రూపులోంచి నన్ను తీసేశారు, ఫోన్ ప్రశాంతంగా ఉంది.

చిసోమోకి ఇదంతా గర్వంగా చెప్పాను. విని, నెమ్మదిగా అంది: "మీరు నేను మంచిదాన్నని చెప్పారట. థ్యాంక్సండి. కానీ మంచిదాన్ని కాకపోయినా ఇల్లు కావాలి కదండి."

ఎంత ఆలోచించినా ఆ పిల్ల మాటే కరెక్టు.

డిసెంబరు సెలవులకి అది వాళ్ల ఊరు వెళ్లట్లేదు, చాలా దూరం. చెరుకు తోటలు చూడాలంటోంది. నీ దగ్గరకి పంపనా? మొహమాటం లేకుండా చెప్పు.

హైమవతి

తణుకు
2 జనవరి 2024

హైమవతక్కకు తబిత వందనాలు. కొత్త సంవత్సరం శుభాకాంక్షలు.

‘నువ్వు’ అని రాద్దామని నాలుగు కాయితాలు పాడుచేశాను. చెయ్యి రాలేదు. అక్కా అని మాత్రం రాస్తాను, ‘మీరు’ అన్నది అలాగే ఉండనివ్వండి.

చిసోమో వారం రోజులు ఉండి ఇవాళ పొద్దున్నే బయల్దేరింది. పేరుకి అర్థం అడిగితే కృప అని చెప్పింది. ఆ అర్థం ముందే తెలిసి ఉంటే దానితో ఇంకాస్త బాగా ఉండేదాన్నేమో అనుకుని, నా ఆలోచనకి నేనే సిగ్గుపడ్డాను. అర్థం తెలియకపోతే బాగా ఉండకూడదా?

మీరు మీది చెప్పారు కాబట్టి నాది కూడా చెప్తాను. జూన్‌లో ఆ ఫోటో చూసినప్పుడు, నా కోపం ఒక్కటే కాదక్కా. ఫోటో చూడగానే నేను కూడా జంకాను. ఇంత నల్లగానా అనుకున్నాను. చిన్నప్పటి నుంచి నల్లపిల్ల అనిపించుకున్న దాన్ని, నా మనవరాలికి ప్రతి నెలా తెల్లబడే క్రీము కొనిపెడుతున్నదాన్ని. చిసోమో వచ్చిన రెండో రోజు బాత్రూమ్‌లో ఆ ట్యూబు చూసి, ఇది దేనికని మనవరాలిని అడిగింది. అది చెప్పింది. ఇద్దరూ పడీపడీ నవ్వారు. ఆ రోజు నుంచి ట్యూబు అక్కడ లేదు. ఎవరు తీశారో నేను అడగలేదు.

బాగుచేయించిన మిషను చెవిలో పెట్టుకుని, మొన్న ఆదివారం చర్చికి తీసుకెళ్లాను. మీ వీధిని అన్నాను కదా, మా చర్చి సంగతి వినండి. ఆడవాళ్ల వైపు మూడో వరసలో మేం కూర్చున్నాం. అటుపక్క ఉన్న ఇద్దరూ కాస్త జరిగారు. చోటివ్వడానికి అనుకున్నాను. ఇంకాస్త జరిగారు. మధ్యలో ఇద్దరు మనుషులు పట్టేంత ఖాళీ. పాట పాడుతున్నంతసేపూ ఆ ఖాళీ అలాగే ఉంది. చిసోమో దాన్ని చూసింది, పుస్తకంలోకి చూస్తూ పాడుతూనే ఉంది. నాకు లేచి ఆ ఇద్దర్నీ అడగాలనిపించింది. వాళ్లల్లో ఒకామెకి నేనే పురుడు పోశాను.

నేను లేచేలోపే వెనక వరసలోంచి వీరమ్మ వచ్చింది. ఎనభై దాటిన మనిషి, నడుం వంగిపోయింది, నిన్నమొన్నటిదాకా ఊడ్పులకి వెళ్లేది. బెంచీ అంచు పట్టుకుంటూ వచ్చి ఆ ఖాళీలో చిసోమో పక్కన కూర్చుంది. ప్రసంగం నడుస్తుంటే పిల్ల చెయ్యి తీసుకుని వెనక్కీ ముందుకీ తిప్పి చూసింది. అరచేతిలో కాయలు ఉన్నాయి కదా, వాటిమీద వేలు పెట్టి, తనకీ చెవుడే కాబట్టి నాకంటే గట్టిగా, చర్చి అంతా వినపడేలా అడిగింది.

"పొలం పని చేస్తావా?"

"చేస్తానండి."

"ఏం పని?"

"నాటు వేస్తానండి. మీ అంత స్పీడుగా రాదండి."

వీరమ్మ బోసినోటితో నవ్వింది. పాస్టరుగారు కూడా ఆగిపోయారు. "వస్తుందిలే, రెండు ఊడ్పులు వేస్తే అదే వస్తుంది" అని, ఆ చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని, ఇంక ప్రార్థన అయ్యేదాకా వదల్లేదు.

తబిత